అరుగున్న బండి

మా అత్తమ్మకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆ ఒక్కటి తీర్చడానికి ఆమె కన్న ఇద్దరు కొడుకులు ఏడాది పొడుగునా బండ్ల గురించి కొట్టుకున్నారని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ. నేను ఆ ఇంటి పెద్ద కోడల్ని. గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి, గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తే, ఇంట్లో వీళ్ళ గోల. ఆ ఏడాది నా చెవులు ఎంత పుణ్యం చేసుకున్నాయో నాకే తెలుసు.

కోరిక ఏమిటంటే, చెల్లెలితో ఒక్కసారి మెల్లగా మాట్లాడాలి. అంతే.

ఆ చెల్లెలు, అంటే మా చిన్నత్తమ్మ, మెదక్ అవతల అడవి అంచున ఒక పల్లెలో ఉండేది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ మిషన్ హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకుని, వార్డెనమ్మకు వినబడకుండా గుసగుసలాడుకుంటూ పెరిగినవాళ్ళు. పెళ్ళిళ్ళయ్యాక అక్క నాంపల్లికి, చెల్లెలు ఆ పల్లెకు. బస్సు పెద్ద రోడ్డు మీదే ఆగుతుంది. అక్కడి నుంచి రాళ్ళబాట, బాట మధ్యలో వాగు. వాగు మీది కల్వర్టు ఒక వానాకాలంలో కొట్టుకుపోయింది, మళ్ళీ కట్టిన నాథుడు లేడు. ఇద్దరికీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక మాటలన్నీ ఫోనులోనే.

ఆ ఫోను సంగతి చెప్పాలి. పల్లెలో ఉన్న ఒక్క ఫోను పంతులుగారింట్లో ఉండేది. మా ఫోను రోడ్డు వైపు కిటికీ పక్కన, ఆటోల మోతలో, స్టేషన్లో రైలు కూతల్లో. పైగా చిన్నత్తమ్మకు చెవులు మందగించాయి. ఆదివారం గుడి నుంచి, అంటే మా చర్చి నుంచి, రాగానే మా అత్తమ్మ రిసీవరు రెండు చేతులా పట్టుకుని అరిచేది.

"చెల్లే! అన్నం తిన్నవా?"

"ఆఁ?"

"అన్నం! అన్నం తిన్నవా?"

"ఆఁ?"

అంతలో లైను కట్. మా అత్తమ్మ ఏం అడిగిందో మా గల్లీ మొత్తానికీ తెలిసేది, అడిగించుకున్న చెల్లెలికి తప్ప. రిసీవరు పెట్టేసి, "పానం ఉండంగ ఒక్కసారి దాని పక్కన కూసోని మెల్లగ మాట్లాడాలె బిడ్డా" అనేది నాతో. "అరిసి అరిసి దాని మీద కోపమొచ్చినట్టయితున్నది."

మా ఆయన, మా మరిది కలిసి నాంపల్లి స్టేషన్ రోడ్డులో నీళ్ళ మోటార్ల దుకాణం నడిపేవారు. మోటార్లు పల్లెలకు చేరవేయడానికి కిరాయి టెంపోలతో పడలేక, సొంత బండి కొందామనుకున్నారు. ముందు నాలుగు తలుపుల క్యాబిను, వెనక మోటార్లు పెట్టుకునే తెరుచుకున్న తొట్టి. రోజూ అబిడ్స్‌లో తిరగాలి, అవసరమైతే రాళ్ళూ వాగులూ దాటాలి. "అదే బండిల అమ్మను చిన్నమ్మ దగ్గరికి తీస్కపోదాం" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఆ ఏడాదికి వాళ్ళు ఒక్క గొంతుతో అన్న ఆఖరి మాట అదే.

తెల్ల బండి ఒకటి, ఎర్ర బండి ఒకటి. తెల్లది పొడుగు, తారు రోడ్డు మీద సోఫాలో కూర్చున్నట్టే ఉంటుందట. ఎర్రది పొట్టి, మొరటు, నడుము విరగ్గొడుతుంది కానీ గుట్టలెక్కుతుందట. రెండూ నాలుగు చక్రాలకూ బలమందే ఫోర్ వీల్ డ్రైవే. మా ఆయన తెల్ల పార్టీ, మరిది ఎర్ర పార్టీ.

"నువ్వు రోజు తోలేది అబిడ్స్‌ల తమ్మీ, అడవిల కాదు" అనేవారు మా ఆయన.

"అబిడ్స్ అడవి కాదానే? పోయిన వారం పైపుల గుంతల ఆటో పడితే తాళ్ళేసి గుంజిన్రు, చూడలే?"

అన్నం దగ్గర ఇదే, ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో ఇదే. సంఘం కూడా రెండుగా చీలింది. పాటలు పాడే క్వాయర్ అంతా ఎర్ర బండి, సంఘ పెద్దలంతా తెల్ల బండి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా! ఒక్క బండినీ ముట్టుకున్నవాడు లేడు, నేలకూ బండి పొట్టకూ మధ్య ఎంత జాగా ఉండాలో మాత్రం సండే స్కూలు పిల్లలకు కూడా నోటికొచ్చేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తెల్ల బండి మా గల్లీలో మలుపు తిరుగుతుందా లేదా అని తగువొచ్చింది. షోరూముకు పోయి బండి తెచ్చి చూడొచ్చు కదా? చూడరు. మా ఆయన దుకాణం నుంచి తాడు తెచ్చి, ఆ బండి ఎంత పొడుగో ఎంత వెడల్పో అంత చట్రం కట్టారు. ముందు రెండు మూలలు అన్నదమ్ములు, వెనక రెండు మూలలు దుకాణంలో పనిచేసే ఇద్దరు పట్టుకున్నారు. ఆ తాడు బండి గల్లీ మొగ నుంచి బయలుదేరింది.

ఎదురింటి కిరాణా సేటు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. "ఏంది సార్, ఏం తీస్కపోతున్నరు?" అన్నాడు.

"బండి."

"ఏ బండి?"

"గిదే" అన్నారు మా ఆయన, చాలా మర్యాదగా. సేటు ఒక క్షణం ఆలోచించి, లేచి, తన స్కూటర్ పక్కకు జరిపాడు.

ఇంతలో ఎదురుగా ఆటో వచ్చింది. గల్లీలో ఇద్దరికి చోటు లేదు. మా ఆయన చెయ్యెత్తి, "పెద్ద బండొస్తున్నది, రివర్స్ తీసుకో" అన్నారు. ఆ ఆటోవాడు ఏమనాలి? పిచ్చాసుపత్రికి కిరాయి వస్తారా అనాలి. అనలేదు. మెడ బయట పెట్టి చూసి, ఆటో వెనక్కి తీస్తూ, "గింత పెద్ద గాడీ తీస్కొస్తున్నప్పుడు జర హారన్ కొట్టాలె గద భాయ్!" అని తిట్టి మరీ వెళ్ళాడు.

మలుపు దగ్గర వెనక మూల పట్టుకున్న పనివాడి వీపు గోడకు రాసుకుని చొక్కా చిరిగింది. మా ఆయన చట్రం దించి, వెనక్కి వచ్చి, ఆ చిరుగును వేలితో తడిమి, "కొత్త బండికి అప్పుడే గీత పడ్డది" అన్నారు. నిజంగానే బాధపడ్డారు.

మా ఇంటికి ఎత్తయిన రాతి అరుగు ఉండేది. అత్తమ్మ పగలంతా ఆ అరుగు మీదే, పేము కుర్చీలో. ఈ ఊరేగింపంతా చూసి నన్ను పిలిచింది.

"గిప్పుడు వీళ్ళు యాడికి పోతున్నరు బిడ్డా?"

"మీ చెల్లె దగ్గరికే అత్తమ్మా."

"నడుసుకుంటనా?" అంది. మళ్ళీ తనే, "పోనీ తియ్యి, ఎట్లనో అట్ల బయలెల్లిన్రు" అంది.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పేశాను, తాళ్ళ బండ్లు చాలు, వచ్చే ఆదివారానికి అసలు బండి వాకిట్లో ఉండకపోతే నేనే అత్తమ్మను వీపున మోసుకుపోతానని. అన్నదమ్ములు పప్పు కలుపుకున్నారు.

తెల్ల బండి లక్డీకాపూల్ షోరూము నుంచి వచ్చింది, టై కట్టుకున్న ఒక సేల్స్ అబ్బాయితో సహా. తాడు బండి ఇరుక్కున్న చోట నిజం బండి కూడా ఇరుక్కుంది, కానీ నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ లాగి తెచ్చాడు. అత్తమ్మను పట్టుకుని కిందికి దించారు. క్యాబిను అడుగు ఆమె నడుము దగ్గరుంది. కింద పీట వేశారు. పీట మీద ఒక కాలు, బండిలో ఒక కాలు పెట్టింది, కింది కాలు పైకి రాదు, పై కాలు కిందికి రాదు. కింద నుంచి మా ఆయన నెట్టడం, లోపల నుంచి మరిది లాగడం.

"నన్ను బండెక్కిస్తున్నర్రా, అటకెక్కిస్తున్నర్రా?" అని అరిచింది.

టై అబ్బాయి పక్కన నిలబడి, "ఇంత ఎత్తు ఈ ధరలో ఇంకే బండికీ లేదు మేడమ్" అంటున్నాడు. వాణ్ణి చూస్తే నా చేతిలో బెత్తం లేదే అనిపించింది.

చివరికి దించి మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టాం. మోకాళ్ళకు మందు రాస్తుంటే అసలు చిక్కు నాకప్పుడు తెలిసింది. వాగు దాటాలంటే బండి ఎత్తుండాలి. బండి ఎత్తుంటే అత్తమ్మ ఎక్కలేదు. అత్తమ్మ ఎక్కగలిగే బండి వాగు దాటదు. లెక్కలు చెప్పేదాన్ని కనుక చెబుతున్నాను, ఇది తెగే లెక్క కాదు. అత్తమ్మకూ తెలిసిపోయినట్టుంది. ఆ ఆదివారం ఫోను దగ్గరికి రాలేదు. "ఏం చెప్పాలె దానికి, వస్తున్న వస్తున్న అని ఏడాదాయె" అంది.

తర్వాతి వారం మరిది చాదర్‌ఘాట్ నుంచి ఎర్ర బండి తెచ్చాడు. ఎవరో వాడి అమ్ముతున్నది. మలుపులో తిప్పడం చేతగాక గల్లీ మొగ నుంచే వెనక్కి నడుపుకుంటూ వచ్చాడు. వచ్చి వచ్చి బండి వెనక భాగం సరిగ్గా మా అరుగు ముందు ఆగింది. దిగి, గొప్ప చూపించడానికి తొట్టి వెనక తలుపు గొళ్ళెం తీసి వదిలాడు. అది కిందికి పడి, రెండు గొలుసుల మీద బల్లలా నిలబడింది. దాని అంచు మా అరుగు రాయిని తాకింది. ఎత్తు అటూ ఇటూ లేదు, ఒకే మేస్త్రీ కట్టినట్టు.

మరిది ఇంజను గురించి మొదలుపెట్టాడు. అత్తమ్మ వినలేదు. కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని వచ్చి, తలుపు మీద ఒక కాలు వేసి చూసింది. రెండో కాలు వేసింది. మేమంతా చూస్తుండగానే వంటింట్లోంచి నడింట్లోకి పోయినట్టు బండిలోకి నడిచిపోయింది.

"దీనికి అరుగున్నది" అంది. "కుర్సీ తేండ్రి."

మా ఆయన మొహం చూడాలి! "అమ్మా, బండిని అరుగు చూసి కొంటారే ఎవరన్న? తెల్లదానికి తలుపు అట్ల నిలవదు, కిందికి వేలాడుతది, కానీ ఇంజను..." అని ఇంకా ఏదో అనబోయారు.

"నేను ఇంజను మీద కూసుంటనా?" అంది.

పేము కుర్చీ తొట్టిలో పెట్టి తాళ్ళతో కట్టాం. అబిడ్స్ దాకా ఒక్క రౌండు కొట్టి చూద్దామన్నాడు మరిది. ఎండగా ఉందని నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. తెల్లచీర, తెల్లజుట్టు, కుర్చీలో అత్తమ్మ. అవి ఎన్నికల రోజులని మాకెవరికీ తోచలేదు.

మా అత్తమ్మకు పుట్టినప్పటి నుంచీ ఒక అలవాటు. గుడి ముందు నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకూ చేతులు జోడించి వందనాలు చెప్పాలి, ఒక్కరినీ వదలకూడదు, వదిలితే ఆ మనిషి చిన్నబుచ్చుకుంటాడు. స్టేషన్ దగ్గర చాయ్ తాగుతున్న ఒకాయన ఆమెను చూసి చేతులు జోడించాడు. ఈమె జోడించింది. పక్కవాడు జోడించాడు. వాడికీ జోడించింది. ఇక చూసుకోండి, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, అబిడ్స్ చేరేసరికి మా వెనక ఒక గుంపు. ఎవరో జై అన్నారు. ఎవరికి జై అని అడిగినవాడు లేడు. పూల కొట్టతను పరిగెత్తుకొచ్చి దండ వేశాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ అటువైపు బండ్లన్నీ ఆపి మాకు దారిచ్చి సెల్యూట్ కొట్టాడు.

"గుర్తేంది?" అని ఎవరో కేకేశారు.

"ఫోర్ వీల్ డ్రైవ్!" అన్నాడు మరిది స్టీరింగ్ దగ్గర నుంచి, వాడి లోకంలో వాడున్నాడు.

ఒకావిడ బండి పట్టుకుని నడుస్తూ, ఇంటి ముందు మోరీ పొంగుతోందని, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదని ఏడ్చింది. అత్తమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నేను ప్రార్థన చేస్త బిడ్డా" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇంతమంది వచ్చిన్రు గని, గీ మాట ఒక్కలన్న అన్నరా?" అని గుంపు వైపు తిరిగింది. మళ్ళీ జై. అమ్మది ఏ పార్టీ అని ఒకాయన నన్ను అడిగితే, ఇండిపెండెంట్ అన్నాను. ఏమనమంటారు మరి?

మూడు దండలతో ఇంటికొచ్చాం. అత్తమ్మ బండి నుంచి నేరుగా అరుగు మీదికి నడిచి దిగి, "మంచి బండి. అందరు పలకరించిన్రు" అంది. తగువు అక్కడితో తెగింది.

ఎర్ర బండి కొన్నాం. గుడి అయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకుంటే మా మరిది వంగి బండి పొట్ట చూస్తున్నాడు. ఎదురింటి సేటు ప్రేమగా చక్రాల కింద పెట్టమని నిమ్మకాయలు తెచ్చాడు. అత్తమ్మ వాటిని కళ్ళకద్దుకుని తీసుకుని, "చక్రాల కిందెందుకు కొడుకా, పులిహోర చేసుకుందాం" అని నాకిచ్చింది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం బయలుదేరాం. చిన్నత్తమ్మకు ముందే ఫోను చేసి, "వస్తున్న! నిజంగ వస్తున్న!" అని అత్తమ్మ అరిచిన అరుపుకు గల్లీ అంతా సాగనంపడానికి వచ్చింది. తొట్టిలో పరుపు, దిండ్లు, పైన టార్పాలిన్ నీడ, కుర్చీ, ఒళ్ళో చెల్లెలికి ఉస్మానియా బిస్కెట్ల డబ్బా. దోవ పొడుగునా అత్తమ్మ పెదవులు కదుపుతూనే ఉంది. ప్రార్థనేమో అనుకున్నాను. కాదు, చెల్లెలికి చెప్పాల్సినవి వరసగా సర్దుకుంటోంది. ముందు క్యాబినులో అన్నదమ్ములు తెల్ల బండి అయితే ఇంత కుదుపు ఉండేదా లేదా అని కొట్టుకుంటూనే ఉన్నారు.

రాళ్ళబాట ఎక్కాం, దిగాం. వాగు వచ్చింది. మేము అనుకున్నదానికంటే నిండుగా ఉంది. అవతల ఒడ్డున ట్రాక్టర్ ఆగి ఉంది. దాని ట్రాలీలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో తెల్లచీర కట్టుకున్న ఒక ముసలామె. చిన్నత్తమ్మ ఆగలేక అల్లుడి చేత ట్రాక్టర్ కట్టించుకుని వాగు దాకా వచ్చేసింది.

"చెల్లే!" అంది అత్తమ్మ.

"అక్కా!"

"అన్నం తిన్నవా?"

చిన్నత్తమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఆఁ?"

అత్తమ్మ ఇంకా గట్టిగా అరిచింది. "ఆఁ?" అంది చిన్నత్తమ్మ.

నాంపల్లి నుంచి ఒళ్ళు హూనం చేసుకుని ఇంత దూరం వస్తే, మళ్ళీ అదే ఫోను! అత్తమ్మ బిస్కెట్ల డబ్బా మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. "ఏం చూస్తున్నరు? పోనియ్యండి!" అని ముందుకు అరిచాను.

అప్పుడు తెలిసిన సంగతి, ఏడాది పాటు ఫోర్ వీల్ డ్రైవ్ గురించి సంఘాన్ని రెండుగా చీల్చిన ఈ అన్నదమ్ముల్లో ఒక్కడికీ ఆ గేరు ఎట్లా వెయ్యాలో తెలియదని. గేరు కర్ర పక్కనున్న ఆ రెండో కర్రను మరిది లాగుతాడు, మా ఆయన తోస్తారు, అది కరకరమంటుంది తప్ప కదలదు. ఓ ప్రభువా, ఈ ఇద్దరినీ ఏ గడియలో పుట్టించావయ్యా అనుకున్నాను.

"అన్నా, రివర్స్ గేరుకు బలమెక్కువ. ఎనకకు పోనిస్త" అన్నాడు మరిది.

"సైలెన్సర్ల నీళ్ళు పోతయ్ రా!"

వాడు వినలేదు. బండి తిప్పి, వీపు వాగు వైపు పెట్టి దింపాడు. నీళ్ళు చక్రాలెక్కాయి. పొట్ట తాకాయి. వాగు మధ్య దాకా వచ్చి, ఇసకలో కూరుకుని ఆగిపోయింది. ఇంజను రొదపెడుతోంది, బండి కదలదు. అవతల నుంచి చూస్తున్న అల్లుడు ట్రాక్టర్ తిప్పి, అతనూ ట్రాలీ వెనక భాగం మా వైపు పెట్టి మెల్లగా నీళ్ళలోకి దిగాడు. నేను మా తలుపు గొళ్ళెం తీశాను. అతను దూకి వాళ్ళది తీశాడు. రెండు తలుపులూ గొలుసుల మీద వాలి, వాగు మధ్యలో ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. బెత్తెడు తేడా ఉంటే దిండు వేశాం.

అత్తమ్మ లేచింది. నా చెయ్యి పట్టుకోలేదు. కొడుకులిద్దరూ క్యాబిను దిగి నడుముల్లోతు నీళ్ళలో చెరో పక్క నిలబడి చేతులు చాపారు, వాళ్ళ వైపూ చూడలేదు. మా అరుగు మీది నుంచి వాళ్ళ అరుగు మీదికి నడిచిపోయి చెల్లెలి పక్కన కూర్చుంది. చిన్నత్తమ్మ అక్క మొహమంతా చేత్తో తడిమింది. అత్తమ్మ ఏదో అంది. ట్రాక్టర్ డబడబలాడుతోంది, మా ఇంజను మూలుగుతోంది.

"ఆఁ?" అంది చిన్నత్తమ్మ.

అత్తమ్మ తల తిప్పి కొడుకుల వైపు చూసింది. "ఇంజన్లు బంద్ చేయుండ్రి."

"అమ్మా, నీళ్ళల్ల బంద్ చేస్తే మళ్ళ స్టార్ట్ కాదు!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఏడాది తర్వాత ఒక్క గొంతుతో.

"కాకపోతే కాకపాయె" అంది. "బంద్ చేయుండ్రి."

అల్లుడు ట్రాక్టర్ ఆపాడు. మరిది అన్న మొహం చూశాడు. మా ఆయన తల ఊపారు. మరిది కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇక నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్తమ్మ ఒంగి, చెల్లెలి చెవి దగ్గర నోరు పెట్టి, మెల్లగా అడిగింది.

"అన్నం తిన్నవా చెల్లే?"

"తిన్న అక్కా" అంది చిన్నత్తమ్మ. "నువ్వు?"